పొలంలో బంగారమైన మట్టి కుండీలో ఎందుకు మొండికేసింది?

హైదరాబాదు శివారులో ఒక అద్దె ఇంటి పై అంతస్తులో ఉంటున్న పాఠకురాలు సంక్రాంతి వెళ్లిన వారానికి మాకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాను. రెండేళ్ల కిందట ఆమె మామగారు పోయారు. పల్నాడులోని పొలాన్ని కౌలుకిచ్చి నిరుడు ఉగాదికి అత్తగారు వీరింటికి వచ్చేశారు. డాబా మీద పూలమొక్కలు పెంచుకుందామన్న ఆలోచన అత్తాకోడళ్లిద్దరిదీ. జూన్‌లో అత్తగారు ఊరికి వెళ్లి, తమ చేలోంచే 20 బస్తాల నల్లరేగడి మట్టిని తవ్వించి, హైదరాబాదు వస్తున్న ఒక లారీలో వేయించుకుని తెచ్చారు. అందులో 12 బస్తాలు 24 కుండీల్లోకి వెళ్లాయి, మిగిలిన ఎనిమిది ఇప్పటికీ మెట్ల కింద ఉన్నాయి.

ఆ కుండీల్లో మల్లె, గులాబీ, మందారం, కనకాంబరం, చామంతి నాటారు. శ్రావణమాసపు ముసురుకు కనకాంబరాలు మొదళ్లు కుళ్లి చనిపోయాయి, గులాబీల ఆకులు పసుపెక్కి రాలాయి. దసరా దాటాక అదే మట్టి రాయిలా బిగుసుకుని నెర్రెలిచ్చింది. పోసిన నీళ్లు నిమిషంలోనే అడుగు రంధ్రం నుంచి కారిపోతున్నాయి, అయినా మొక్కలు వాడిపోతున్నాయి. విసిగిపోయిన ఈమె వీడియోలు చూసి, 6 వేల రూపాయలు పెట్టి కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు, మట్టిని గుల్లబరిచే పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు కొని, వాటి మిశ్రమంతో మరో 10 కుండీలు నింపారు. రెండు నెలలు అవి కళకళలాడాయి, ఆ పైన ఆకుల అంచులు మాడటం, మొగ్గలు రాలడం మొదలైంది. పొట్టులో మొక్కలు బతుకుతాయా అని అత్తగారు నవ్వారు. ఈమె బదులు చెప్పలేదు గానీ, ఒక ఉదయం చచ్చిన కనకాంబరం కుండీని వీధి చివర గుమ్మరించి వస్తుండగా అత్తగారి కంట పడ్డారు. "అది మీ మామగారు దున్నిన మట్టి" అని ఆమె ఒక్క మాట అని నాలుగు రోజులు మాట్లాడలేదు. అన్నీ తీసేసి మూరపూలు కొనుక్కోండని భర్త అంటున్నారు. ఇంటి యజమాని డాబా మీద బరువు సంగతి అడిగారు. అసలు ఏ మట్టి సరైనది, నల్లమట్టిని పారేయాలా లేక బాగుచేయవచ్చా, చేయాల్సివస్తే ఆ మాట అత్తగారికి ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో మీరిద్దరూ ఒకరినొకరు తప్పుపట్టుకోలేక మట్టిని తప్పుపడుతున్నారు. ముందుగా ఆ మట్టి పక్షాన నాలుగు మాటలు చెప్పనివ్వండి. పల్నాడు రేగడి చెడ్డ నేల కాదు. పత్తికీ మిరపకూ అంతకన్నా నమ్మకమైన నేల మన రాష్ట్రాల్లో ఎక్కువ చోట్ల దొరకదు. ఆ మట్టిలోని బంక రేణువులు తడి తగిలితే ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. ఒక వాన పడితే ఆ తేమను వారాల తరబడి పట్టి ఉంచుకోగలగడం, వేసిన ఎరువును వేళ్లకు అందేంతవరకూ జారిపోనివ్వకపోవడం ఆ బంక రేణువుల వల్లనే సాధ్యమవుతుంది. బెట్టకు తట్టుకునే పంటలు ఆ నేల మీద నిలబడేది కూడా అందుకే. అయితే పొలంలో ఆ మట్టి కింద మరెన్నో అడుగుల మట్టి ఉంటుంది. పైన మిగిలిన నీటిని కింది పొర లాక్కుంటుంది, ఎండాకాలపు నెర్రెలు నేలను లోతుగా గుల్లబరుస్తాయి, వానపాములూ పాత పంటల వేళ్లూ దారులు తవ్వి పెడతాయి.

కుండీలో ఇవేవీ లేవు. అడుగు లోతున మట్టి ఉన్నట్టుండి ముగిసిపోయి గాలి మొదలవుతుంది. మట్టి రేణువుల మధ్య పట్టుబడి ఉన్న నీరు, అడుగున రంధ్రం ఉన్నంత మాత్రాన ఆ గాలిలోకి దూకదు. అడుగు పొర పూర్తిగా తడిసి ముద్దయిన తరువాతే చుక్క చుక్కగా బయటికి వస్తుంది, ఆ ముద్దయిన పొర మాత్రం అలాగే ఉండిపోతుంది. దీన్ని కళ్లారా చూడాలంటే గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగిన తరువాత దాన్ని నిలువుగా తిప్పితే మళ్లీ నీళ్లు కారుతాయి. నీరు నిలిచే పొర మందం స్పాంజి రెండు స్థితుల్లోనూ ఒకటే, దాని పైన ఉన్న ఎత్తే మారింది. మట్టి ఎంత సన్ననిదైతే ఆ పొర అంత మందంగా ఉంటుంది. రేగడిలో అది కుండీ లోతులో చాలా భాగాన్ని ఆక్రమించుకోగలదు. శ్రావణమాసంలో మీ కనకాంబరం వేళ్లు ఆ పొరలోనే ఊపిరాడక కుళ్లాయి.

కుండీ అడుగున గులకరాళ్లు పోయలేదేమోనని మీరు బాధపడుతున్నట్టు రాశారు. ఆ బాధ అనవసరం. నేను కూడా ఏళ్ల తరబడి శ్రద్ధగా రాళ్లు పోసినవాడినే. రాళ్ల వల్ల నీరు నిలిచే పొర పోదు, రాళ్ల మందాన పైకి జరిగి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. మట్టి జారకుండా రంధ్రం మీద ఒక పెంకు ముక్క బోర్లించి పెడితే చాలు.

ఇక దసరా తరువాతి వింత. నీళ్లు అడుగు నుంచి ధారగా పోతున్నాయి, మొక్క మాత్రం దాహంతో వాడుతోంది. ఆరిన రేగడి ముడుచుకుని కుండీ గోడను వదిలేసింది. మీరు పోసిన నీరు ఆ సందులోంచి నేరుగా కిందికి పోయిందే తప్ప మట్టిముద్ద లోపలికి వెళ్లలేదు. నీరు కారడం చూసి మట్టి తడిసిందనుకున్నారు. నీళ్లు పోసిన పది నిమిషాలకు ఒక సన్నని వెదురుపుల్లను మధ్యలో గుచ్చి తీసి చూడండి, పైన ఒక అంగుళం దిగువన పొడిగానే ఉంటుంది. ఇలా బిగుసుకున్న కుండీలను ప్రస్తుతానికి కాపాడుకోవాలంటే పైనుంచి పోయడం మానేసి, ఒక టబ్బులో నాలుగు అంగుళాల నీరు పెట్టి కుండీని గంటసేపు అందులో కూర్చోబెట్టాలి. మట్టి కిందినుంచి నీరు పీల్చుకుని ఉబ్బి, మళ్లీ గోడను పట్టుకుంటుంది. ఆ తరువాత పైన రెండు అంగుళాల మందాన ఎండుటాకులు కప్పితే అంత త్వరగా నెర్రెలివ్వదు.

మట్టిని మార్చాలో వద్దో తేల్చుకునే ముందు రెండు చిన్న పరీక్షలు చేయమంటాను. ఒక పారదర్శకమైన సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు బట్టల సబ్బుపొడి కలిపి బాగా గిలకొట్టి కదలకుండా పెట్టండి. ఒక నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక, రెండు మూడు గంటల్లో దాని మీద పేరుకునేది ఒండ్రు, మరునాటికి కూడా నీటిని మురికిగా ఉంచి మెల్లగా దిగేది బంక. మీ సీసాలో ఇసుక పొర పలచగా, బంక పొర మందంగా ఉంటుందని ఊహిస్తున్నాను. రెండవది, ఎండిన మట్టిగడ్డ మీద నాలుగు చుక్కల వెనిగర్ గానీ చిక్కని నిమ్మరసం గానీ వేయండి. చుయ్యిమని నురగ వస్తే ఆ మట్టిలో సున్నం ఉందని అర్థం. పిడుగురాళ్ల సున్నానికి పేరుపడ్డ సీమ అది, మీ మట్టి నురగలు కక్కినా ఆశ్చర్యపోనక్కరలేదు.

సున్నం ఉంటే నష్టమేమిటంటారా? మట్టిలో ఇనుము ఉన్నా సున్నం దాన్ని వేళ్లకు అందనివ్వదు. మల్లె, గులాబీ, మందారం, నూరువరహాలు ఈ లోపాన్ని త్వరగా చూపిస్తాయి. కొత్తగా వచ్చిన లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నత్రజని తక్కువైతే దీనికి తారుమారుగా ముందు అడుగున ఉన్న ముదురు ఆకులు పసుపుబారుతాయి. మట్టి తడిగా ఉండగానే ఆకులన్నీ మెత్తబడి వేలాడుతూ పసుపెక్కితే అది వేళ్లు ఉరకెత్తడం, అంటే నీరు నిలిచి ఊపిరాడకపోవడం. మీరు "ఆకులు పసుపెక్కాయి" అని ఒకే మాట రాశారు గానీ, ఏ ఆకులో చూసుకుంటే సగం రోగం తెలిసిపోతుంది. ఇనుప లోపమే అయితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారానికొకసారి సాయంత్రం పూట రెండు మూడు సార్లు ఆకుల మీద పిచికారీ చేస్తే పచ్చదనం తిరిగి వస్తుంది. మట్టి మారనంతకాలం మళ్లీ మళ్లీ చేయవలసి ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

మీ కొబ్బరి పొట్టు కుండీల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అత్తగారి నవ్వులో కొంత న్యాయం ఉంది. పొట్టు తేలికైనది, తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టుకుంటూనే వేళ్లకు గాలినీ ఇస్తుంది. కానీ అందులో ఆహారం దాదాపు లేదు. మీరు కలిపిన వానపాముల ఎరువులో నత్రజని నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు, అది రెండు నెలల్లో ఖర్చయిపోయింది. అంచులు మాడటానికి కారణం వేరు. పొట్టు ఇటుకల్లో సోడియం, పొటాషియం, క్లోరైడ్ లవణాలు ఉంటాయి. వాటిని నానబెట్టి, ఆ ఎర్రటి నీటిని పిండేసి, మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి. మీరు నానబెట్టి నేరుగా వాడినట్టు రాశారు. దానికి తోడు మీ ఇంట్లో బోరు నీళ్లు. కుండీల అంచుల మీద తెల్లటి పొర కట్టిందన్నారు, అది ఆ నీటిలోని లవణమే. ఆకు ఆవిరి చేసేది నీటిని మాత్రమే, ఉప్పు ఆకు చివర మిగిలిపోయి మాడుస్తుంది. వారంలో ఒక రోజైనా ఆ పది కుండీలకు మునిసిపాలిటీ నీళ్లు గానీ, పట్టి ఉంచిన వాననీళ్లు గానీ, కుండీ పరిమాణానికి రెట్టింపు పోసి అడుగు నుంచి బాగా పోనిచ్చి, మరునాడు పలచటి ఎరువునీళ్లు ఇస్తే వాటిలో చాలావరకు కోలుకుంటాయి. మొగ్గలు రాలడం కూడా దీనితో తగ్గుతుందనే అనుకుంటున్నాను, అయితే పొట్టు పైన ఎండి లోపల తడిగా ఉండి మనల్ని మోసం చేస్తుంది కాబట్టి అక్కడ కూడా వెదురుపుల్లనే నమ్మండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, నల్లమట్టి మొత్తం తీసేసి ఎర్రమట్టితో కొత్తగా మొదలుపెట్టడం. హైదరాబాదు చుట్టుపక్కల దొరికే చల్కా, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టిలో నీరు నిలవదు, మల్లెకూ చామంతికీ కనకాంబరానికీ ఆ గుణం నచ్చుతుంది. మొక్కల దృష్టితో చూస్తే ఇది తేలికైన దారి. కానీ చల్కా పేద నేల. అందులో సేంద్రియ పదార్థం తక్కువ, ఎరువు వేస్తే నీళ్లతో పాటు జారిపోతుంది, పైన గట్టి పొర కడుతుంది, వేసవిలో రోజూ రెండు పూటలా నీళ్లు అడుగుతుంది. పైగా ఎర్రమట్టి పేరుతో నగరంలో అమ్మేది చాలాసార్లు పునాదుల కోసం తవ్విన మొరం. ఎర్రగా ఉంటుందే గానీ అందులో జీవం ఉండదు. గడ్డివేళ్లు, చెత్తాచెదారం కనిపించే పైమట్టి అయితేనే కొనండి. ఈ దారిలో ఇంట్లో ఏమి జరుగుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు.

రెండవది, నల్లమట్టినే ఇసుక కలిపి బాగుచేయడం. ఎక్కువమంది చేసేది ఇదే, ఎక్కువగా చెడేది కూడా ఇక్కడే. బంకమట్టిలో పావు వంతు ఇసుక కలిపితే గుల్లబారదు. ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లో బంక ఇరుక్కుని ఇటుకలా తయారవుతుంది. ఇసుక పనిచేయాలంటే మొత్తంలో సగానికి మించి ఉండాలి, అది కూడా ముతకది. అప్పుడు కుండీ బరువు ఎంతవుతుందో ఊహించండి. రేగడిని నిజంగా గుల్లబరిచేది మాగిన పశువుల ఎరువు, ఆకుల కంపోస్టు, సగం కాలిన వరి ఊక వంటివే. అవి ఏటా కుళ్లి తగ్గిపోతుంటాయి కాబట్టి ఏటా మళ్లీ కలపాలి. ఈ దారిలో ఖర్చు తక్కువ, శ్రమ ఎక్కువ, ఫలితం ఆలస్యం.

మూడవది నాకు ఇష్టమైనది, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. రేగడిని కుండీకి మట్టిగా కాకుండా మిశ్రమంలో ఒక దినుసుగా వాడటం. చల్కాలో లేనిదేదో అదే రేగడిలో పుష్కలంగా ఉంది, రేగడిలో లేనిది చల్కాలో ఉంది. తెలంగాణ రైతులు తరతరాలుగా బంక ఎక్కువగా ఉండే చెరువు మట్టిని బండ్ల మీద చల్కా, దుబ్బ (ఇసుక) పొలాలకు తోలుకున్నది ఈ లెక్కతోనే. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు కూడా ఆ మట్టిని పొలాలకే తరలించారు. పన్నెండు అంగుళాల కుండీలకు నేను చెప్పే కొలత ఇది: నల్లమట్టి ఒక పాలు, ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒకటిన్నర పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు అర పాలు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. ఇలా కలిపితే నల్లమట్టి మొత్తంలో ఆరో వంతే అవుతుంది, కానీ నీటినీ ఎరువునూ పట్టి ఉంచే పని చాలావరకు అదే చేస్తుంది. గులాబీకి కాస్త బిగువైన మట్టి నచ్చుతుంది కనుక దానికి నల్లమట్టిని ఒకటిన్నర పాళ్లకు పెంచవచ్చు. చామంతికీ కనకాంబరానికీ పెంచకండి. ఎడారి గులాబీ, కలబంద వంటివి పెడితే నల్లమట్టి అసలు వద్దు. ఇసుకకు బదులు రాతిపొడి వాడితే ముందు జల్లించి సన్నటి ధూళిని తీసేయాలి, లేకుంటే అది కూడా బంకలాగే పనిచేస్తుంది. పచ్చి పేడ కలిపితే వేడికి వేళ్లు మాడటమే కాక వేరుపురుగు వచ్చిపడుతుంది.

ఈ దారిలోని చిక్కు పాత మొక్కలను మార్చడం దగ్గర వస్తుంది. వేళ్లు రేగడి ముద్దలో అల్లుకుని ఉండగా ఆ ముద్దను అలాగే తీసుకెళ్లి తేలిక మిశ్రమంలో పెడితే, నీళ్లు తేలిక మట్టిలోంచి పోతాయి, ముద్ద ఎండిపోతుంది. నర్సరీ నుంచి బంకమట్టి ముద్దతో వచ్చే మొక్కలు చాలామంది ఇళ్లలో చావడానికీ ఇదే కారణం. అలాగని వేళ్లు పూర్తిగా కడిగేస్తే మల్లె, గులాబీ తట్టుకోకపోవచ్చు. ముద్ద బయటి మూడో వంతు విడదీసి, మిగిలినదాన్ని వెదురుపుల్లతో వదులు చేసి నాటడం మధ్యేమార్గం. ఇందుకు కాలం కూడా చూసుకోవాలి. మల్లెకు కొమ్మలు కత్తిరించే అదను దాటుతోంది, ఫిబ్రవరి చివరలోగా కుండీ మారిస్తే తొలి విడత పూలు కొన్ని పోతాయి గానీ మొక్క నిలబడుతుంది. ఆ గడువు దాటితే ఏప్రిల్, మే ఎండల్లో ముట్టుకోవద్దు. పైన చెప్పినట్టు టబ్బులో కూర్చోబెట్టి నీళ్లు పెడుతూ, ఎండుటాకులు కప్పి, తొలకరి దాకా నెట్టుకురావడం మేలు. ఈసారి మల్లెపూలు కావాలా, వచ్చే ఏడు మంచి మొక్క కావాలా అన్నది మీరిద్దరూ తేల్చుకోవలసిన సంగతి.

కనకాంబరాలు పోయిన కుండీల మట్టిని మాత్రం ఏ మిశ్రమంలోనూ వెంటనే కలపకండి. చచ్చిన మొక్క ఇంకా ఏదైనా మిగిలి ఉంటే పెరికి వేళ్లు చూడండి. గోధుమ రంగులో జిగటగా ఉంటే కుళ్లు, పూసలు గుచ్చినట్టు బుడిపెలు ఉంటే నులిపురుగులు. ఏదైనా సరే, ఏప్రిల్ నెలలో ఆ మట్టిని తడిపి, డాబా మీద పలచగా పరిచి, తెల్లటి పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండకు వదిలితే అందులోని పీడ చాలావరకు పోతుంది. హైదరాబాదు ఎండలు పనికొచ్చేది ఇలాంటి వాటికే.

నాలుగవ దారి ఒకటి ఉంది. నల్లమట్టిని మార్చకుండా దానికి తగిన మొక్కనే పెట్టడం. తామర, కలువ బంకమట్టినే కోరుకుంటాయి. కొబ్బరి పొట్టు వేస్తే నీళ్ల మీద తేలుతుంది, వానపాముల ఎరువు వేస్తే నీరు పాచిపడుతుంది, అచ్చమైన రేగడి అయితే అడుగున కదలకుండా కూర్చుంటుంది. రంధ్రం లేని రెండడుగుల వెడల్పు టబ్బులో ఆరు అంగుళాల మట్టి, దాని మీద అంతే లోతు నీళ్లు, రోజుకు ఐదారు గంటల ఎండ ఉంటే చాలు. ఒక్కో టబ్బు బస్తాకు పైగా మట్టిని తీసుకుంటుంది. దోమలు చేరకుండా నాలుగు గప్పీ చేపలు వదలండి. మీ డాబా మీద కాకుండా కింద వాకిట్లో యజమాని ఒప్పుకుంటే మరీ మంచిది, ఎందుకంటే ఆ టబ్బు నిండితే 100 కిలోలు దాటుతుంది. గన్నేరు, నందివర్ధనం కూడా రేగడితో సర్దుకుపోగలవు, పెద్ద తొట్టెల్లో అయితే మందారం కూడా.

బరువు సంగతి వచ్చింది కనుక ఒక లెక్క చెబుతాను. తడిసిన రేగడితో నిండిన పన్నెండు అంగుళాల కుండీ 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. కుండీకి కుండీ ఆనించి పెడితే చదరపు మీటరుకు తొమ్మిది పడతాయి, అంటే 225 నుంచి 270 కిలోలు. మనుషులు తిరిగే డాబాకు, భవనాలు మోయాల్సిన బరువులను చెప్పే ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఇంజనీర్లు తీసుకునే లెక్క చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. కాబట్టి యజమాని ఊరికే అడగలేదు. కుండీలను నడిమధ్యన గుంపుగా కాకుండా గోడల వెంట, దూలాల మీదుగా, ఎడం ఎడంగా పెట్టి, నీళ్లు కింద నిలవకుండా ప్రతి కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెడితే ఆయనకు చూపించి చెప్పగలుగుతారు. పైన చెప్పిన మిశ్రమం కొంత తేలిక కూడా.

చివరి ప్రశ్న అత్తగారి గురించి. ఆమెకు తెలియకుండా కుండీలు ఒక్కొక్కటే మార్చేయవచ్చు, మీ ఉత్తరంలో ఆ ఆలోచన ఉన్నట్టు తోచింది. కానీ నలభై ఏళ్లు సేద్యం చూసిన మనిషి కుండీలో వేలు పెట్టగానే కనిపెడుతుంది, అప్పుడు గుమ్మరించిన ఒక్క కుండీకి బదులు ఇరవై నాలుగు గుమ్మరించినట్టు అవుతుంది. సీసా పరీక్ష చేసి ఫలితం ఆమె ముందు పెట్టవచ్చు, అది మీరు గెలిచినట్టు ఉంటుంది. గెలుపు మీకు ఎంత అవసరమో మీరే చూసుకోవాలి. నేనైతే ముందు ఆ రోజు పారబోసినందుకు సంజాయిషీ ఏమీ లేకుండా తప్పయిందని చెప్పి, ఆ తరువాత ఒక ప్రశ్న అడుగుతాను: "అత్తయ్యా, మన చేలో వాన నీళ్లు నిలిస్తే మిరప ఏమయ్యేది?" ఉరకెత్తేదని ఆమె చెబుతారు. నీళ్లు పోవడానికి మామయ్య ఏం చేసేవారని అడగండి. కాలువలు తీసేవారనో, బోదెలు ఎక్కించేవారనో చెబుతారు. కుండీలో కాలువ తీయలేము కాబట్టి దానికి బదులే ఈ ఎర్రమట్టి, ఈ ఎరువు అని మీరు అప్పుడు చెప్పగలుగుతారు. ఆమెకు తెలిసిన సంగతే ఆమెకు తిరిగి చెబుతున్నారు గనుక ఇందులో ఎవరి మట్టినీ తప్పుపట్టినట్టు ఉండదు. అయినా ఆమె ఒప్పుకోకపోతే నాలుగైదు కుండీలు ఆమె ఇష్టానికి అచ్చమైన రేగడితోనే వదిలేయండి. వాటిలో ఏది బతికినా ఇంటికి నష్టం లేదు.

మెట్ల కింది ఎనిమిది బస్తాలను వాన తగలకుండా ఉంచండి. మిశ్రమం కలిపే నాడు ఆ మట్టి మరీ ఎండి ఉంటే గడ్డలు పగలవు, మరీ తడిగా ఉంటే పిసికిన ముద్దవుతుంది. ముందురోజు సాయంత్రం నీళ్లు చిలకరించి, గోనె కప్పి ఉంచి, పొద్దున్న పదును మీద ఉన్నప్పుడే చిదమాలి. ఆ పదును వచ్చిందో లేదో గుప్పెట్లోకి తీసుకుని చెప్పగలిగినవారు మీ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. పలుగూ పారా మీరు పట్టుకున్నా, బస్తా మూతి మాత్రం ఆమెనే విప్పమనండి.